యంత్రం వేసే మార్కులు

పరీక్షా పత్రాలు దిద్దే ప్రతి అధ్యాపకునికీ ఒక సందేహం కలుగుతుంది. ఉదయం దిద్దిన పత్రాన్నే సాయంత్రం మరల దిద్దితే అవే మార్కులు వేయగలనా? ఒకసారి నేను వేసిన మార్కులను కాగితంతో కప్పి, వారం తరువాత తిరిగి దిద్దాను. పది మార్కుల వ్యాసానికి రెండు మార్కుల తేడా వచ్చింది. విద్యార్థి మారలేదు, వ్యాసం మారలేదు, మారినది నేనే.

సేకరణ వస్తువుల లోకంలోనూ ఈ చిక్కే ఉన్నది. అమెరికాలో ఆటగాళ్ల బొమ్మలున్న కార్డులను పిన్నలూ పెద్దలూ సేకరిస్తారు. 1991లో ఆరంభమైన పి.ఎస్.ఏ. సంస్థ ఒక్కొక్క కార్డును పరిశీలించి 1 నుండి 10 వరకు శ్రేణి నిర్ణయిస్తుంది. బొమ్మ నడిమధ్యన అచ్చయినదా, మూలలు మొద్దుబారినవా, అంచులు చెదిరినవా, పైభాగాన గీతలున్నవా అని చూస్తారు. తొమ్మిదికీ పదికీ నడుమ ధర ఎన్నో రెట్లు మారవచ్చు. 2021లో కార్డులు వెల్లువెత్తగా, ఆ సంస్థ చాలావరకు స్వీకరణను కొంతకాలం ఆపివేసింది. కార్డు ఛాయాచిత్రాన్ని పరీక్షించే కృత్రిమ మేధను రూపొందించిన జెనామింట్‌ను దాని మాతృసంస్థ ఆ సంవత్సరమే కొన్నది. నాణేల విషయంలో ఈ యత్నం ఇంకా పాతది. 1990లోనే పి.సి.జి.ఎస్. సంస్థ వెండి డాలర్లకు కంప్యూటరు చేత శ్రేణి నిర్ణయింపజూచి, పిదప విరమించుకొన్నది.

ఈ గొడవ మనకెందుకని అనవద్దు. మన జిల్లా పాత ఇండ్లలో సందూకుల అడుగున చార్మినారు ముద్ర గల హాలీ సిక్కా రూపాయలు నేటికీ ఉన్నవి. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలపు రూపాయిపై, చార్మినారు ద్వారంలో 'ఐన్' అక్షరం ఉంటుంది. తొలినాళ్ల ముద్రలో అది చిన్నది, తరువాతి దానిలో పూర్ణాక్షరం. ఎరిగినవారు ఈ రెంటినీ వేరువేరుగా లెక్కిస్తారు. మా నానీ ఎరుగదు. నల్లబడిన రూపాయలను బూడిదతో తళతళలాడేట్లు తోమి, వెండి తూకానికి అమ్మివేసింది. తోమిన నాణేనికి సేకర్తల దృష్టిలో విలువ తగ్గుతుందని ఆమెకు చెప్పినవారు లేరు. కొన్నవాడు మాత్రం ఒక్కొక్క దానిని వెలుతురులో త్రిప్పి చూచుకొన్నాడు. ఎరిగినవానికీ ఎరుగనివానికీ నడుమ నిలిచి నిష్పక్షపాతంగా చెప్పే యంత్రం చేతి ఫోనులో ఉంటే, అటువంటి వృద్ధురాలికి అది మేలే.

అయితే ఎల్లప్పుడూ ఒకే తీర్పు చెప్పడం వేరు, న్యాయమైన తీర్పు చెప్పడం వేరు. దొంగ తరాజు కూడ ప్రతిసారీ ఒకే విధంగా తక్కువ తూచుతుంది. మనుషులు శ్రేణి వేసిన చిత్రాలను చూచి యంత్రం నేర్చుకొంటుంది. వారి కన్ను పొరబడితే, అదే పొరపాటును అలసట ఎరుగక వేలసార్లు చేస్తుంది.

దీనికి మార్గం చక్కెర పరిశ్రమ మనకు చూపుతున్నది. బోధనులో 1937లో స్థాపితమైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015లో మూతపడినది గాని, చక్కెర శ్రేణిని నిర్ణయించే పద్ధతి దేశమంతటా నిలిచి ఉన్నది. కాన్పూరులోని జాతీయ చక్కెర సంస్థ పలుకు పరిమాణాన్నీ రంగునూ అనుసరించి ప్రమాణ నమూనాలను గాజు సీసాలలో సిద్ధపరచి మిల్లులకు ఇస్తుంది. వివాదం వస్తే ఆ సీసాను ప్రక్కన పెట్టి చూచుకొనవచ్చు. ప్రమాణం కొనేవాని కంటికీ అమ్మేవాని కంటికీ ఒకటే.

యంత్రానికీ అట్టి సీసా కావలెను. అది అంకెను మాత్రమే చెప్పి ఊరుకొనరాదు. ఏ మూల అరిగినది, ఏ గీతకు ఎంత తగ్గించినది చూపవలెను. కాదన్నవారికి మరల పరీక్ష కోరే హక్కు ఉండవలెను. కంప్యూటరు విద్య నేర్చుచున్న మన విద్యార్థులు హాలీ సిక్కాలకు ఇట్టి యంత్రాన్ని తలపెట్టదలచినచో, ముందుగా ప్రతి శ్రేణికీ ఒక నాణేన్ని ఎంచి, నిపుణుల సమ్మతితో దాని చిత్రాన్ని అందరి ఎదుట ఉంచవలెను. యంత్రం తరువాత.

ఇక నా మాట. ఈ ఏటి నుండి నేను మార్కుల ప్రక్కన కారణం కూడ వ్రాస్తున్నాను. యంత్రాన్ని అడిగేదానిని ముందు నేను ఇవ్వవలెను గదా!