మనల్ని డ్యూటీకి మోసే బండి

మీ బేసిక్ జీతం ఎంతో మీకు తెలుసు. ఓవర్‌టైంకి గంటకి ఎంత కట్టాలో తెలుసు. కట్టకపోతే ఎవరిని అడగాలో కూడా ఇప్పుడు చాలామందికి తెలుసు. మరి తెల్లవారుజామున క్యాంపు గేటు దగ్గర మీరు ఎక్కే బండిలో ఎంతమందిని ఎక్కించవచ్చని ముల్కియాలో రాసి ఉందో తెలుసా? సౌదీలో, ఖతర్‌లో ఉన్నవాళ్ళు దాన్నే ఇస్తిమారా అంటారు. పేరేదైనా అది బండి రిజిస్ట్రేషన్ కార్డే. దాన్ని మనం చూడం. రూమ్ నుంచి సైట్‌కి, సైట్ నుంచి రూమ్‌కి రోజూ గంటల తరబడి మన ప్రాణం ఆ బండిలోనే ఉంటుంది. అందుకే ఈ నెల జీతాల సంగతి కాస్త పక్కన పెట్టి బండి గురించి మాట్లాడుకుందాం.

గల్ఫ్‌లో కార్మికుల్ని మోసే చిన్న బండ్లలో ఎక్కువగా కనిపించేవి టొయోటా హైఏస్, నిస్సాన్ అర్వాన్. కాస్త పెద్దదైతే టొయోటా కోస్టర్. మన ఊళ్ళో పెళ్ళికో తిరుపతికో టెంపో ట్రావెలర్ మాట్లాడుకుంటాం కదా, అలాంటి బండే అనుకోండి. వీటిలో హైఏస్ కథ తెలుసుకుంటే మిగతావి కూడా అర్థమవుతాయి.

హైఏస్ 1967లో జపాన్‌లో పుట్టింది. 1977లో రెండో తరం, 1982లో మూడో తరం, 1989లో నాలుగో తరం, 2004లో ఐదో తరం, 2019లో ఆరో తరం వచ్చాయి. 2004 నాటి ఐదో తరం ఇరవై ఏళ్ళు దాటినా జపాన్‌లో ఇంకా అమ్ముడవుతూనే ఉంది. నాలుగో తరం ఆకారాన్ని చైనాలో జిన్‌బే అనే కంపెనీ తీసుకుని ఏళ్ళ తరబడి బండ్లు చేసింది. అంటే ఒకే రోడ్డు మీద ముప్పై ఏళ్ళ నాటి డిజైన్, నిన్న మొన్నటి డిజైన్ పక్కపక్కనే పరుగెత్తుతుంటాయి. దూరం నుంచి చూస్తే రెండూ తెల్ల డబ్బాలే.

మొదటి అయిదు తరాలకీ ముక్కు ఉండదు. ఇంజను ముందు సీట్ల కింద ఉంటుంది, డ్రైవరు దాని మీద కూర్చుంటాడు. ఎందుకలా చేశారంటే, జపాన్‌లో చిన్న సరుకు బండి కింద లెక్కలోకి రావాలంటే పొడవు 4.7 మీటర్లు, వెడల్పు 1.7 మీటర్లు, ఎత్తు 2 మీటర్లు దాటకూడదు. ఆ కొలతల్లో ముక్కుకి చోటు ఇస్తే వెనక సరుకుకి చోటు తగ్గుతుంది. కాబట్టి ముక్కు తీసేశారు. వడ్రంగులు, ఎలక్ట్రీషియన్లు, పైపుల పనివాళ్ళు నిచ్చెనలు, పనిముట్లు వేసుకుని తిరగడానికి అది చక్కగా కుదిరింది. కానీ ఎదురుగా గుద్దుకుంటే డ్రైవరు కాళ్ళకీ అవతలి బండికీ మధ్య రేకు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. 2019లో విదేశాల కోసం తెచ్చిన ఆరో తరంలో ఇంజను ముందుకు జరిగింది, చిన్న బానెట్ వచ్చింది. దెబ్బని ముందుగా తినేందుకు కొంత భాగం ఏర్పడింది.

మీ బండి ఏ తరందో కనిపెట్టడం కష్టం కాదు. ముక్కు ముందుకు పొడుచుకొచ్చి ఉంటే ఆరోది. ముక్కు లేకుండా, గేరు రాడ్డు డాష్‌బోర్డు దగ్గర ఉంటే ఐదోది. గేరు రాడ్డు అక్కడ లేకపోతే ఇంకా పాతది. పాతదైనంత మాత్రాన చెడ్డదని నేను అనను. బ్రేకులు, టైర్లు, స్టీరింగు సరిగ్గా చూసుకుంటే ఈ బండి లక్షల కిలోమీటర్లు తిరుగుతుందనే ప్రపంచమంతా దీన్ని కొంటున్నారు. అడగాల్సింది ఆ చూసుకోవడం జరుగుతోందా లేదా అని.

తరం కంటే ముఖ్యమైన విషయం ఇంకొకటుంది, రకం. ఒకే ఆకారంలో కంపెనీ సరుకు వ్యాను చేస్తుంది, మనుషులు కూర్చునే బండీ చేస్తుంది. జపాన్‌లో మనుషుల బండిలో కూడా రెండు రకాలున్నాయి. ఒకటి పదిమందిది, ఇంకోటి డ్రైవరుతో కలిపి 14 మందిది. మామూలు లైసెన్సు ఉన్నవాడు పదిమంది బండి దాకానే నడపాలి. పదకొండో సీటు ఉందంటే పై స్థాయి లైసెన్సు కావాలి. నలుగురు ఎక్కువ కూర్చుంటే బండి వేరే బండి అవుతుంది, నడిపేవాడికి వేరే అర్హత కావాలి అని పుట్టినింటి చట్టమే చెబుతోంది.

పుట్టిల్లు దాటాక కథ మారింది. కెన్యాలో మటాటు, టాంజానియాలో డాలాడాలా, ఈజిప్టులో మైక్రోబస్సు, దక్షిణాఫ్రికాలో మినీబస్ టాక్సీ, ఇలా దేశానికో పేరు పెట్టుకుని ఇది, ఇలాంటి బండ్లు కోట్లమందిని మోస్తున్నాయి. ప్రభుత్వ బస్సు రాని చోటికి ఇవే వెళ్తాయి. చాలా దేశాల్లో అంబులెన్సు కూడా ఇదే. పేదవాడి ప్రయాణానికి ఈ బండి చేసిన మేలు తక్కువేం కాదు. దాంతోపాటే కిక్కిరిసిన సీట్లు, నిద్రలేని డ్రైవర్లు కూడా వచ్చారు.

కెన్యాలో రవాణా మంత్రి జాన్ మిచుకి తెచ్చిన నిబంధనలు 2004లో అమలులోకి వచ్చాయి. ప్రతి మటాటుకీ సీటు బెల్టులు, వేగం దాటకుండా స్పీడ్ గవర్నర్, సీట్లకి మించి ఎక్కించకూడదన్న నియమం. యజమానులు గొడవ చేశారు. అయినా బండ్లకి బెల్టులు పడ్డాయి. తర్వాత్తర్వాత అమలు సడలిందన్న మాట కూడా నిజమే. కానీ ప్రభుత్వం గట్టిగా అనుకుంటే ఇదే బండిని మర్యాదగా నడిపించవచ్చని అక్కడ తేలింది.

దక్షిణాఫ్రికాలో జరిగింది మనం ఇంకా జాగ్రత్తగా వినాలి. అక్కడ ఐదో తరం హైఏస్‌ని క్వాంటమ్ అని అమ్మారు. మనుషుల బండి ఖరీదెక్కువని సరుకు వ్యాన్లు కొని, పక్క రేకు కోసి కిటికీలు పెట్టి, నేలకి సీట్లు బిగించి టాక్సీలుగా దింపేశారు. సరుకు వ్యాను మనుషుల కోసం చేసింది కాదు. సీటు, బెల్టు పట్టుకుని ఉండాల్సిన చోట ఆ బలం ఉండదు. బండి పల్టీ కొడితే సీట్లే ఊడి మనుషుల మీద పడతాయి. ఈ వ్యవహారం చివరికి ఆ దేశపు పబ్లిక్ ప్రొటెక్టర్ విచారణ దాకా వెళ్ళింది. బయటి నుంచి చూస్తే అసలు బండికీ, ఆ కోసి అతికించిన బండికీ తేడా తెలియదు. లోపల కూర్చున్నవాడికే తెలియాలి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. యూఏఈ ఫెడరల్ ట్రాఫిక్ కౌన్సిల్ 2018లో మినీబస్సుల్ని దశలవారీగా తప్పించాలని నిర్ణయించింది. ముందు స్కూలు పిల్లల బండ్లు, ఆ తర్వాత మిగతా ప్రయాణికులవి. పిల్లలు ముందు అనడంలో తప్పులేదు. కానీ పిల్లల్ని ఎక్కించడానికి పనికిరాదనుకున్న బండి, పన్నెండు గంటలు ఎండలో పనిచేసి తూగుతూ కూర్చునే మనిషికి ఎలా పనికొస్తుంది?

ఇక్కడ నేను బీకాం చదివినవాడిలా ఒక లెక్క చెబుతాను. మీ సైట్‌లో 39 మంది ఉన్నారనుకోండి. 14 సీట్ల బండిలో డ్రైవరు పోను 13 మంది. అంటే మూడు ట్రిప్పులు. ఇరుకున పెట్టి ట్రిప్పుకి ఇరవై మంది దాకా ఎక్కిస్తే రెండే ట్రిప్పులు. కంపెనీకి మిగిలింది ఒక ట్రిప్పు డీజిలు, డ్రైవరుది ఓ గంట సమయం. ఆ మిగులు కంపెనీ పుస్తకంలో లాభం వైపు పడుతుంది. మరి నష్టం వైపు ఏం రాస్తారు? సీటు లేనివాడు ఇంకొకడి ఒళ్ళో, లేకపోతే డోరు మెట్టు మీద, లేకపోతే వెనక పనిముట్ల మీద కూర్చుంటాడు. బెల్టు లేదు. బ్రేకు పడే దూరం పెరిగింది, ఎందుకంటే బరువు పెరిగింది. ఆ రిస్కు ఏ పుస్తకంలోనూ ఉండదు. అది మన ఖాతాలో పడుతుంది. జగిత్యాలలోనో, సిరిసిల్లలోనో, కడపలోనో ఉన్న మన ఇంటివాళ్ళ ఖాతాలో పడుతుంది.

"బండి పెట్టడమే గొప్ప, సింగపూర్‌లో అయితే లారీ వెనక కూర్చోబెడతారు" అని మనవాళ్ళే అంటుంటారు. నిజమే, సింగపూర్‌లో కొన్ని షరతులతో కార్మికుల్ని లారీ వెనక తీసుకెళ్ళడానికి చట్టం ఒప్పుకుంటుంది, దాన్ని ఆపాలని అక్కడివాళ్ళు ఏళ్ళుగా అడుగుతున్నారు. పక్కవాడికి ఇంకా ఘోరంగా ఉందని మనకి జరిగేది న్యాయమైపోదు. ఊళ్ళో ఏడుగురి ఆటోలో పదిహేను మంది ఎక్కినవాళ్ళమే కదా అని కూడా అంటారు. ఊళ్ళో ఆ ఆటో వద్దనుకుంటే దిగి నడిచిపోవచ్చు. ఇక్కడ కంపెనీ బండి ఎక్కకపోతే ఆ రోజు ఆబ్సెంటు, జీతం కట్. ఎక్కక తప్పని బండి కాబట్టే దాని బాధ్యత మొత్తం ఎక్కించినవాడిదే.

ఈ మాట నా ఒక్కడిది కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1964లో చేసిన 121వ ఒప్పందం, దారిలో జరిగే ప్రమాదాన్ని ఏ పరిస్థితుల్లో పని ప్రమాదంగా లెక్కించాలో ప్రతి దేశం తన చట్టంలో చెప్పాలంటుంది. ఖతర్ 2004 కార్మిక చట్టం పని గాయం అంటే ఏమిటో చెప్పేచోటే పనికి వెళ్ళే దారిలో, తిరిగొచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా చేర్చింది. యూఏఈలో 1980 నాటి చట్టం నుంచీ ఈ సూత్రం ఉంది. షరతు ఒకటే, దారి మధ్యలో ఆగకుండా, పక్కకి తిరగకుండా నేరుగా వెళ్తుండాలి. అంటే బండిలో దెబ్బ తగిలితే "అది రోడ్డు యాక్సిడెంటు, కంపెనీకి సంబంధం లేదు" అని మేనేజరు చెప్పే మాట చివరి మాట కాదు. వైద్యం ఖర్చు, సెలవు రోజుల జీతం, నష్టపరిహారం అడిగే దారి ఉంది.

అడగాలంటే చేతిలో రుజువు ఉండాలి. బండి నంబరు, కంపెనీ పేరు కనిపించే ఫోటో ఒకటి మీ ఫోన్లో ఉంచుకోండి, ఇంట్లోవాళ్ళకి కూడా పంపండి. ప్రమాదం జరిగితే పోలీసు రిపోర్టు కాపీ, ఆసుపత్రి కాగితాలు ఎవరు అడిగినా ఒరిజినల్స్ ఇచ్చేయకండి. అర్థం కాని అరబీ కాగితం మీద సంతకం పెట్టకండి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ క్లియరెన్సుతో వచ్చినవాళ్ళకి ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వైకల్యం వచ్చినా దాని కింద 10 లక్షల రూపాయలు వస్తాయి. ఆ పాలసీ కాగితం చాలామంది ఏజెంటు దగ్గరే వదిలేసి వస్తున్నారు. ఇంట్లో ఎవరి దగ్గరుందో ఈ రోజే కనుక్కోండి.

డ్రైవరు గురించి కూడా ఒక మాట. అతను చాలాసార్లు మనవాడే. పొద్దున నాలుగింటికి లేచి మూడు ట్రిప్పులు వేసి, పగలంతా సైట్‌లో హెల్పరు పని చేసి, రాత్రి మళ్ళీ అందర్నీ రూమ్‌కి చేర్చాలి. కునుకు పడితే తప్పు అతనిదే అంటారు, కేసు అతని మీదే పడుతుంది. ఎక్కువమందిని ఎక్కించమన్న ఫోర్‌మన్ పేరు ఎక్కడా రాదు. కాబట్టి డ్రైవరుతో కొట్లాడకండి. డ్రైవింగు చేసేవాడికి డ్రైవింగే డ్యూటీగా ఇవ్వాలని అతని తరఫున కూడా అడగండి.

"అడిగితే ఎగ్జిట్ కొడతారన్నా" అని మీరు అంటారు. ఆ భయం ఊరికే వచ్చింది కాదు, నాకు తెలుసు. ఒక్కడు అడిగితే ఆ ప్రమాదం ఉంది. అందుకే ఒక్కరు అడగొద్దు. బండిలో ఉన్నవాళ్ళంతా కలిసి, గొడవగా కాకుండా, రాసి అడగండి. సీట్లకి మించి ఎక్కించొద్దు, బెల్టులు బాగు చేయించండి, టైర్లు మార్పించండి అని మూడు వాక్యాలు చాలు. తేదీ వేయండి, ఒక కాపీ ఫోటో తీసి పెట్టుకోండి. కంపెనీ వినకపోతే మీ దేశపు కార్మిక శాఖ హెల్ప్‌లైన్ ఉంది, ఎంబసీ ఓపెన్ హౌస్ ఉంది. రాయడం రాకపోతే మాలాంటి వాలంటీర్లు రాసి పెడతారు.

ఈ బండిని చేసినవాళ్ళు 1967 నుంచి ఆరుసార్లు కొత్తగా ఆలోచించారు. దాన్ని కొన్న కంపెనీలు మనకోసం ఒక్కసారి ఆలోచించాలంటే ముందు మనం చూడాలి, లెక్కపెట్టాలి. రేపు ఎక్కగానే సీట్లు ఎన్ని, మనుషులు ఎంతమంది, పనిచేసే బెల్టులు ఎన్ని అని లెక్కపెట్టండి. మూడు అంకెలూ ఒకటి కాకపోతే, ఆ రాత్రి రూమ్‌లో అన్నం తినేటప్పుడు ఆ మాట ఎత్తండి.