గోడలు కూలినంతమాత్రమున చెఱ తొలగునా?

తార్నాకకు అనతిదూరమున, ముషీరాబాదులో, నొకప్పుడు కేంద్ర కారాగార ముండెడిది. ఆ స్థలమున నేడు గాంధీ ఆసుపత్రి యున్నది. 2021లో వరంగల్లు కేంద్ర కారాగారమును గూడ ఆసుపత్రి కొఱకే కూల్చిరి. చెఱసాల యున్నచోట వైద్యశాల వెలయుట ముచ్చటయే. కాని ఖైదీలేమైరి? వేఱు కారాగారములకు తరలింపబడిరి. గోడలు కూలినవి, చెఱ కూలలేదు.

కారాగారము లక్కఱలేని సమాజమును నిర్మింపవలెనను ఉద్యమము అమెరికాలో 1998లో బర్క్‌లీ విశ్వవిద్యాలయమున జరిగిన మహాసభతో బలపడెను. అందు ముఖ్యురాలగు ఆచార్య ఏంజెలా డేవిస్ తానును విచారణఖైదీగా చెఱ ననుభవించి, 1972లో నిర్దోషిగా వెలువడినది.

నేరస్థుని శిక్షింపవలదా యని పలువు రడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. కాని లోపలనున్నవారిలో నేరము రుజువైనవా రెందఱు? 2022 చివర దేశమున ఖైదీలు 5,73,220 మంది. అందు 4,34,302 మంది విచారణలో నున్నవారే! తీర్పు వెనుక రావలసిన శిక్ష తీర్పునకు ముందే నడచుచున్నది. తీర్పైనను తుదిమాట గాదు. చక్రముల కుర్చీకి పరిమితుడైన అధ్యాపకుడు సాయిబాబా 2014లో నిర్బంధింపబడి, 2017లో యావజ్జీవశిక్ష పొంది, 2024 మార్చిలో హైకోర్టుచే నిర్దోషిగా నిర్ణయింపబడెను. ఆ అక్టోబరులోనే హైదరాబాదున గతించెను. పోయిన యేండ్ల నెవరు తిరిగి యిత్తురు?

ఖైదీ యైనంతమాత్రమున ప్రాథమిక హక్కులన్నియు పోవని విశాఖపట్టణ కారాగార వ్యాజ్యమున సుప్రీముకోర్టు 1974లోనే పలికెను. 2024 జూలైనుండి అమలులోనున్న క్రొత్త సంహిత 479వ సెక్షను ప్రకారము, మరణ, యావజ్జీవ శిక్షలు లేని నేరములలో, వేఱు కేసులు లేని తొలి నిందితుడు గరిష్ఠశిక్షలో మూడవవంతు చెఱలో గడపినచో విడుదలకు అర్హుడు. దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత జైలు సూపరింటెండెంటుదే. చట్టము కలదు, దినములు లెక్కించి న్యాయస్థానమునకు గుర్తుచేయువారు కావలెను.

ఆ పని విశ్వవిద్యాలయముది కాదా? ఉస్మానియా ప్రాంగణమున న్యాయకళాశాల యున్నది, సాంఘికశాస్త్ర శాఖలున్నవి. ఖైదీ దుఃఖమును పరిశోధనపట్టాకు ముడిసరకుగా వాడుకొని మఱచుట విద్య గాదు. లెక్క తెలియని నినాదమును న్యాయస్థానము వినదని ఉద్యమకారులును గ్రహింపవలెను. పండితు డంకెల నందీయవలెను. కార్యకర్త వానిని కచేరీకి చేర్పవలెను.

రాబోవు సెలవులలో పదిమంది విద్యార్థు లనుమతి పొంది చంచల్‌గూడకు పోయి, పదిమంది ఖైదీల దినములు లెక్కింతురా? చెఱలేని లోకము దూరమున నుండవచ్చును. అర్హుడైన యొక్క ఖైదీ యిల్లు చేరుట దూరము గాదు.