ఇతరుల కోసం కట్టుకొనే గుడ్డ

సూరతు నగరానికి కొత్తగా వచ్చినవారికి ఇక్కడ నిద్రపట్టటం అంత సులభం కాదు. లింబాయత్, ఉధనా ప్రాంతాలలోనైతే మరీను. పగలనక రాత్రనక మరమగ్గాల చప్పుడు గోడలు దాటి వస్తూనే ఉంటుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలనుంచి పొట్ట చేతపట్టుకొని వచ్చి స్థిరపడిన మన పద్మశాలి కుటుంబాలు ఈ పేటలలో వేలకొద్దీ ఉన్నాయి. వారి పిల్లల కోసం నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో పాఠశాలలు సైతం నడుపుతూ వచ్చింది. మరమగ్గాన్ని వీరు ‘సాంచె’ అంటారు. సిరిసిల్లలోనూ అదే మాట. గుజరాతీలో యంత్రానికి ‘సంచో’ అని పేరు. మాటలను ఒక భాషలోనుంచి మరొక భాషలోనికి మోసుకొనిపోవటమే వృత్తిగా గలదానిని గనుక, ఈ రెండు మాటల చుట్టరికం తలచుకొన్నప్పుడల్లా నాకు ముచ్చటగా ఉంటుంది.

2020 మార్చి 25వ తేదీ తెల్లవారుజామున నాకు మెలకువ వచ్చింది చప్పుడు వల్ల కాదు, చప్పుడు లేకపోవటం వల్ల. సాంచెలు ఆగిపోయినాయి. దేశమంతటా లాక్‌డౌన్ మొదలైన రోజది.

వ్యాధి మా ఊరికి తొలినాళ్ళలోనే వచ్చింది. గుజరాత్ మొత్తం మీద మొట్టమొదటి రెండు కేసులు మార్చి 19న బయటపడితే, వాటిలో ఒకటి రాజకోటది, రెండవది సూరతుది. మందుల దుకాణాలలో మాస్కులు మాయమైనాయి. నెలాఖరున భారత ప్రభుత్వ ప్రధాన శాస్త్ర సలహాదారు కార్యాలయం ఇంటిలోనే మాస్కు కుట్టుకొనే విధానాన్ని చిన్న పుస్తకంగా వెలువరించింది. ఏప్రిల్ మొదటి వారంలో ఆరోగ్య మంత్రిత్వ శాఖ కూడా అదే సలహా ఇచ్చింది. నూలు గుడ్డ, రెండు పొరలు, కట్టుకొనేందుకు నాడాలు, ప్రతిదినమూ సబ్బుతో ఉతుకు, అంతే. అదే నెలలో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం మనిషికి మూడేసి చొప్పున 16 కోట్ల మాస్కులు పంచ సంకల్పించి, కుట్టే పనిని పొదుపు సంఘాల స్త్రీలకు అప్పగించింది. ఆ సంఖ్య ముందు మా అమ్మ నాకు వదిలి వెళ్ళిన కాలి మిషను చేసినది ఉడుత సాయం కూడా కాదు. అయినా ఇరుగుపొరుగుకు చాలినన్ని కుట్టి ఊరకనే ఇద్దామని కూర్చున్నాను.

కూర్చున్న తరువాత తెలిసింది, గుడ్డలకు పుట్టిల్లయిన ఈ నగరంలో నాకు కావలసిన గుడ్డ లేదని! సూరతు నేసేది పాలియెస్టరు. దేశంలో చవకగా దొరికే రంగురంగుల చీరలలో అత్యధిక భాగం ఇక్కడినుంచి పోయినవే. మా వీధిలో ఏ ఇంటి అటక మీద చూచినా తాను ముక్కలు మూటలు మూటలుగా ఉంటాయి. నూలు గుడ్డ మాత్రం గజం దొరకదు. దుకాణాలా, మూతబడి ఉన్నాయి. ‘గుడ్డ గుడ్డే కదా’ అని సరిపెట్టుకొని ఆ ముక్కలతోనే ఇరవై మాస్కులు కుట్టి, చుట్టుపక్కల ఇళ్ళలో పంచి వచ్చాను. రెండు రోజుల తరువాత చూస్తే అందరికీ అవి గడ్డం క్రిందనే వ్రేలాడుతున్నాయి.

కారణం చెప్పినవాడు మా వెనుక ఇంటి పెద్దాయన. కరీంనగర్ జిల్లాలో గుంటమగ్గం మీద నేత నేర్చి, యుక్తవయస్సులో ఇక్కడికి వచ్చి, నలభై యేళ్ళు సాంచె నడిపినవాడు. నేనిచ్చిన మాస్కును వెలుతురుకు ఎత్తి చూచాడు. వేళ్ళతో నలిపాడు. దాని వెనుకనుంచి ఒకసారి గట్టిగా ఊదాడు.

“గీ బట్టల గాలి ఆడదు బిడ్డా. ఎండకాలం, ఊపిరి ఎట్ల తీస్తరు? మేం గిది నేసుడే గాని కట్టుడు లేదు” అన్నాడు. ఆయన నడుముకున్నది నూలు లుంగీ.

ఇక మిగిలినవి మా అమ్మ చీరలు. ఆమె పోయి అప్పటికి మూడేళ్ళు. మంగళగిరివి, వెంకటగిరివి కలిపి పదకొండు నూలు చీరలు పెట్టెలో ఉన్నాయి. నేను కట్టను, ఎవరికీ ఇవ్వను. అటువంటి వస్తువులు ప్రతి ఇంటిలోనూ ఉంటాయి గదా. పెద్దాయన వాటిని కూడా వెలుతురుకు ఎత్తి చూచి, వెంకటగిరివి పలుచన గనుక పక్కన పెట్టించి, మంగళగిరి చీరలు ఒత్తుగా ఉన్నాయన్నాడు. పెక్కుసార్లు ఉతికిన నూలు ఇంకా కొంత దగ్గరపడుతుందట. మొదటి చీరమీద కత్తెర పెట్టటానికి నాకు ఒక పూట పట్టింది. రెండవ దానికి అంత పట్టలేదు.

ఒక చీరకు ముప్పై అయిదు, మహా అయితే నలభై మాస్కులు వస్తాయి. మూతికి అడ్డుపెట్టే గుడ్డ కన్నా నాడాల లెక్కే నన్ను విసిగించింది. ఎలాస్టిక్కు దొరకదు గనుక ప్రతిదానికీ నాలుగు నాడాలు కుట్టాలి. గుడ్డలో మూడోవంతు వాటికే పోతుంది. తొమ్మిది అంగుళాల వెడల్పు, క్రిందికి తిరిగిన మూడు మడతలు. మడతలు పైకి తిరిగితే దుమ్ము వాటిలో నిలుస్తుంది. ఒకసారి పదిహేను మాస్కులు తలక్రిందులుగా కుట్టి, అర్ధరాత్రి దాకా కుట్లు విప్పుకొంటూ కూర్చున్నాను. పైగా కోరికలు! “చీరకు మాచింగుగా ఉంటే బాగుండును” అన్న ఇల్లాలిని నేను తప్పుపట్టలేదు. అందంగా ఉంటేనే కదా ముఖం మీద నిలిచేది.

మాస్కును తెలుగులో ఏమనాలో ఆ రోజులలో పత్రికలన్నీ తికమకపడ్డాయి. ముసుగు అంటే దొంగ గుర్తుకువస్తాడు. ముఖకవచం అంటే యుద్ధం. మా పెద్దాయన ఏ నిఘంటువూ చూడకుండా ‘చిక్కం’ అన్నాడు. నూర్పిళ్ళవేళ గడ్డి మేయకుండా ఎద్దు మూతికి కట్టే వల అది. ఎదురింటి మాసీ జైనురాలు, ఆమె నా చేతిలోని మాస్కును చూచి “ఓహో, ముహపత్తి!” అన్నది. స్థానకవాసి, తేరాపంథీ జైన సాధువులు నోటికి అడ్డంగా కట్టుకొనే తెల్లని గుడ్డ పేరది. తమ ఊపిరి వేడికి గాలిలోని సూక్ష్మజీవులు చావకూడదని వారి నియమం. అంటే అది కట్టుకొన్నవాడి రక్షణ కోసం కాదు, ఎదుటి ప్రాణి కోసం. సరిగా ఈ మాటే వైద్యులు మాకు చెప్పలేక అవస్థపడ్డారు. గుడ్డ మాస్కు తొడుగుకొన్నవాడిని కాపాడేది తక్కువ, వాడి తుంపరలనుంచి పక్కవాడిని కాపాడేది ఎక్కువ. చిక్కమని కట్టుకొంటే బరువు. ముహపత్తి అని కట్టుకొన్నవారికి ఆ చిరాకు తక్కువగా ఉండటం నేను కళ్ళారా చూచాను.

మూతికి గుడ్డ కట్టటం ఈ ఊరికి కొత్త కాదు. 1994 సెప్టెంబరులో ఇక్కడ ఊపిరితిత్తుల ప్లేగు వచ్చి యాభై మందికి పైగా మరణించినప్పుడు, చేతిరుమాలు మూతికి కట్టుకొని లక్షల జనం రైళ్ళెక్కి పారిపోయారు. అప్పుడు ఊరు ఖాళీ అయింది. 2020లోనో, పోదామన్న కూలీలకు బండ్లే లేవు. ఆ ప్లేగు మరుసటి సంవత్సరం కమీషనరుగా వచ్చి సూరతును శుభ్రం చేసి పేరు తెచ్చుకొన్న అధికారి సూర్యదేవర రామచంద్రరావుగారు. 1998లో ఆయనకు పద్మశ్రీ లభించింది. అదే జాతి ప్లేగు 1910–11లో మంచూరియాలో విజృంభించినప్పుడు, పలుచని గుడ్డల నడుమ దూది పెట్టి మాస్కులు కుట్టించి వైద్యులకూ జనానికీ తొడిగినవాడు పెనాంగులో పుట్టిన చీనా వైద్యుడు ఊ లియెన్-తె. మాస్కు అక్కరలేదని ఆయనతో వాదించిన ఫ్రెంచి వైద్యుడు మెస్నీ కొద్ది దినాలకే ఆ వ్యాధితో చనిపోయాడు.

పంచటం సులభమనుకొన్నాను. మగ్గాల గదులలో పనిచేసే ఒడిశా కుర్రవాళ్ళు మా సందు చివర ఒక గదిలో ఉండేవారు. పని ఉన్న రోజులలో పగటి పాళీవాళ్ళూ రాత్రి పాళీవాళ్ళూ ఒకే చాపను పంచుకొనేవారు. పని లేనందున అందరూ ఒకేసారి ఆ గదిలో చిక్కుకొన్నారు. ఎనిమిది మందికి ఎనిమిది మాస్కులు ఇచ్చి వచ్చాను. వారం తరువాత వెళ్ళి చూస్తే తలుపు పక్క మేకుకు ఒక్కటే మాస్కు వ్రేలాడుతున్నది. బయటికి ఎవరు పోతే వారు అది తొడుగుకొని పోతున్నారు. తక్కినవి ఏవని అడిగితే, ఒక కుర్రవాడు సిగ్గుపడుతూ పెట్టె తెరిచి చూపించాడు. ఇస్త్రీ మడత చెడకుండా కాగితంలో చుట్టి ఉన్నాయి, ఇంటికి తీసుకొనిపోవటానికి. మే నెలలో రైళ్ళు మొదలైనప్పుడు వాళ్ళు వెళ్ళిపోయారు. ఆ ఏడింటినీ ఎవరు కట్టుకొన్నారో గాని, నేను మాత్రం అప్పటినుంచి మనిషికి రెండు ఇవ్వటం, వారానికొకసారి వెళ్ళి పలకరించటం అలవాటు చేసుకొన్నాను. వెళ్ళిన వారం మాస్కులు ముక్కుమీద ఉండేవి, వెళ్ళని వారం గడ్డం క్రింద.

జూన్ 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కొత్త సలహా ఇచ్చింది. గుడ్డ మాస్కుకు మూడు పొరలుండాలి. లోపలిది తేమ పీల్చే నూలు. వెలుపలిది తేమ పీల్చని పాలియెస్టరు వంటి గుడ్డ. ఆ ముక్క చదివి వినిపించినప్పుడు పెద్దాయన ముఖం చూడవలసింది. నలభై యేళ్ళ తన నేతకు ఎవరో పిలిచి పీట వేసినట్లయింది. తానే వెళ్ళి పలుచని జార్జెట్టు ముక్కలు ఏరి తెచ్చాడు. ఆ వేసవి మొదట నేను పారేసిన గుడ్డే మళ్ళీ మిషనెక్కింది, ఈసారి తన చోటు తెలిసి. ఆగస్టులో మాస్కు లేనివారికి జరిమానా 1000 రూపాయలైనప్పుడు, అది మగ్గం కూలీకి ఒకనాటి సంపాదనను మించిన మొత్తం గనుక, ఎరుగనివారు కూడా మా తలుపు తట్టారు. సంవత్సరాంతానికి మా అమ్మ చీరలలో వెంకటగిరివి నాలుగే మిగిలాయి.

2021 ఏప్రిల్‌లో రెండవ విజృంభణ వచ్చింది. పెద్దాయన భార్య పోయింది. ఆమె నేను కుట్టిన మాస్కు లేకుండా వాకిలి దాటిన మనిషి కాదు.

ఆ తరువాత చాలాకాలం నేను మిషను మూత తీయలేదు. ఆయన నన్ను ఒక్కమాట కూడా అనలేదు. అనకపోవటమే నాకు కష్టంగా తోచింది. చేసినదంతా వృథాయేనా అన్న ప్రశ్న లోపల తొలుస్తూనే ఉన్నది. దానికి సమాధానం వంటిది ఆ సంవత్సరాంతాన ఒక శాస్త్ర పత్రికలో కనిపించింది. బంగ్లాదేశ్‌లో 600 గ్రామాలలో, సుమారు 3 లక్షల 40 వేల మంది పెద్దలపై జరిపిన పరిశీలన అది. సగం గ్రామాలలో మాస్కులు ఉచితంగా ఇచ్చి, మసీదులలోనూ సంతలలోనూ పెద్దమనుషులచేత చెప్పించి, వీధిలో కనిపించినవారికి మళ్ళీ మళ్ళీ గుర్తుచేశారు. మాస్కు సరిగా తొడుగుకొనేవారు 13 శాతం నుంచి 42 శాతానికి పెరిగారు. ఊరక ఇచ్చిపోవటం ఒక్కటే చాలదనీ, ఈ పెరుగుదలలో వీధిలో ఎదురుపడి గుర్తుచేయటానికి ముఖ్యమైన పాత్ర ఉన్నదనీ వారు భావించారు. అంతవరకు నాకు ఊరట. కాని అసలు సంగతి తరువాత ఉన్నది. ఆసుపత్రులలో వాడే రకం మాస్కులిచ్చిన గ్రామాలలో వ్యాధి సుమారు 11 శాతం తగ్గింది. గుడ్డ మాస్కులిచ్చిన గ్రామాలలో తగ్గిందని గట్టిగా చెప్పటానికి వారి లెక్కలు చాలలేదు.

దాచుకొనే హక్కు నాకు లేదనిపించి, ఒకనాటి సాయంత్రం పెద్దాయన ఇంటికి వెళ్ళి, ఉన్నదున్నట్లు తెలుగులో చెప్పాను. ఆయన అరుగుమీద కూర్చొని మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. విని, చాలాసేపటికి ఒక ప్రశ్న వేశాడు.

“వాళ్ళు ఏం బట్ట వాడిన్రు?”

కాగితం తీసి చూచి చెప్పాను. మూడు పొరలు. వెలుపల నేయని ప్లాస్టిక్ గుడ్డ. లోపలి రెండూ నూలు అరవై పాళ్ళు, పాలియెస్టరు నలభై పాళ్ళు కలిపి అల్లినవి.

“అల్లిందా? బనీను లెక్కనా?” అన్నాడు.

“అవును పెద్దయ్యా.”

తీగెమీద ఆరేసి ఉన్న మంగళగిరి మాస్కును అందుకొని, పాత అలవాటుగా వెలుతురుకు ఎత్తి చూచాడు. “మనది నేసింది గద బిడ్డా” అని, దానిని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొన్నాడు.