బంకులో ఎంపిక లేదు.. దుకాణంలో ఆధారం లేదు
20 శాతం ఇథనాల్‌తో పాత కార్ల ఇంధన పంపులకు పరీక్ష

సారపాక: మీటరులో ముల్లు పావు ట్యాంకు చూపుతూనే ఉంటుంది. పాల్వంచ దాటి అడవి దారి పట్టిన కారు రెండు కుదుపులు కుదిపి ఆగిపోతుంది. కారణం పెట్రోలు అయిపోవడమా, పంపు చెడిపోవడమా అన్నది ఆ చీకటిలో తేలదు. ఒకవైపు మణుగూరుకు, మరోవైపు కొత్తగూడేనికి, గోదావరి వంతెన దాటితే భద్రాచలం మీదుగా చింతూరుకు దారులు చీలే సారపాకలో పాత కారు నమ్ముకున్న వారికి ఈ ప్రశ్న కొత్తది కాదు. అయితే ట్యాంకులోని పెట్రోలే మారిపోవడంతో దానికి జవాబు వెదికే పద్ధతి కూడా మారవలసి వచ్చింది.

పెట్రోలులో 5 శాతం ఇథనాల్ కలిపే కార్యక్రమం కొన్ని రాష్ట్రాల్లో 2003లోనే మొదలైంది. 20 శాతం మిశ్రమాన్ని 2023 ఫిబ్రవరిలో బెంగళూరులో ప్రధాని ప్రారంభించారు. మొదట 2030కి పెట్టుకున్న లక్ష్యాన్ని ముందుకు జరిపి 2025లోనే చేరుకున్నారు. దిగుమతి చమురు భారం తగ్గుతుందని, చెరకు, మొక్కజొన్న రైతులకు గిరాకీ పెరుగుతుందని ప్రభుత్వం చెప్పే మాటల్లో నిజం లేకపోలేదు. 2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో ఈ మిశ్రమాన్ని తట్టుకునే భాగాలనే వాడుతున్నారు. చిక్కంతా అంతకుముందు రోడ్డెక్కిన వాటితోనే. 2014లో తయారీ నిలిచిపోయిన మారుతి 800, అంబాసిడర్‌లే కాక, పదేళ్ల కిందటి చిన్న కార్లూ ఈ కోవలోకే వస్తాయి.

2025 ఆగస్టులో పెట్రోలియం మంత్రిత్వ శాఖ ఇచ్చిన వివరణ ఈ సందర్భంలో గమనించదగ్గది. కొన్ని పాత వాహనాల్లో 20 వేల నుంచి 30 వేల కిలోమీటర్ల తర్వాత కొన్ని రబ్బరు భాగాలు, గాస్కెట్లు మార్చవలసి రావచ్చని, ఆ ఖర్చు స్వల్పమేనని అందులో పేర్కొన్నారు. ఇథనాల్ లేని పెట్రోలును కూడా అందుబాటులో ఉంచాలని కోరుతూ దాఖలైన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని అదే ఏడాది సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టివేసింది. అంటే బంకు దగ్గర పాత కారు యజమానికి ఎంపిక లేదు. మిగిలిన ఎంపిక అల్లా విడిభాగాల దుకాణంలోనే. ఏ భాగం ఈ మిశ్రమానికి తట్టుకుంటుందో చెప్పే గుర్తు మాత్రం అక్కడ అమ్మే డబ్బాలపై అన్నిటికీ ఉండదు. రబ్బరు మార్చుకోవలసి రావచ్చని ఒప్పుకున్న ప్రభుత్వం ఏ రబ్బరు కొనాలో చెప్పే ముద్రను విడిభాగాలపై తప్పనిసరి చేసి ఉంటే సగం గందరగోళం తీరేది.

పంపు తప్పేనా?

కారు ఆగగానే పంపు మార్చేయడం చాలామంది చేసే మొదటి పొరపాటు. ఇథనాల్‌కు కడిగే గుణం ఎక్కువ. ఏళ్ల తరబడి ట్యాంకు అడుగున పేరుకున్న జిగురును, తుప్పును అది కదిలిస్తుంది. ఆ మడ్డి పంపు మూతి వద్ద ఉండే జల్లెడను మూసేస్తుంది. పెట్రోలు అందక మోటారు వేడెక్కి కాలిపోతుంది. ట్యాంకు కడగకుండా కొత్త పంపు బిగిస్తే అదీ అదే దారి పడుతుంది. అంతకన్నా ముందు ఫ్యూజు, రిలే, ఎర్త్ తీగ చూడాలి. పంపు నడుస్తుండగా దాని తీగల వద్ద వోల్టేజీ బ్యాటరీ వోల్టేజీకి దగ్గరగా లేకపోతే లోపం వైరింగులో ఉన్నట్లే. ఫ్యూయల్ లైనుకు ప్రెషర్ గేజ్ తగిలించి చూస్తే మిగతా అనుమానం తీరుతుంది. ఇదంతా కొత్త పంపు ఖరీదుతో పోలిస్తే చిన్న ఖర్చు.

ఇక పంపు ఎంపికకు వస్తే, కార్బురేటర్ కారుకూ ఎంపీఎఫ్‌ఐ కారుకూ పోలిక లేదు. పాత కార్బురేటర్ బండ్లలో ఇంజిన్ పక్కన బిగించిన మెకానికల్ పంపు రబ్బరు డయాఫ్రంతో పనిచేస్తుంది. దాని ఒత్తిడి చదరపు అంగుళానికి సుమారు 3 నుంచి 5 పౌండ్లు. ఎంపీఎఫ్‌ఐ కార్లలో ట్యాంకులో మునిగి ఉండే విద్యుత్ పంపు ఒత్తిడి సాధారణంగా 40 పౌండ్లకు పైమాటే. దొరికింది కదా అని రెండో రకాన్ని కార్బురేటర్ బండికి తగిలిస్తే నీడిల్ ఆ ఒత్తిడిని ఆపలేక పెట్రోలు పొంగిపొర్లుతుంది. నిప్పంటుకునే ప్రమాదం ఉన్న పని ఇది. డయాఫ్రం చిరిగితే పెట్రోలు నేరుగా ఇంజిన్ ఆయిల్‌లోకి దిగుతుంది. ఆయిల్ పుల్లను వాసన చూస్తే తెలిసిపోతుంది. ఆ స్థితిలో బండిని నడపడం ఇంజిన్‌ను చేజేతులా పాడుచేసుకోవడమే.

పాత నైట్రైల్ రబ్బరులో కొన్ని రకాలు ఇథనాల్‌లో ఉబ్బి మెత్తబడతాయి. ఫ్లోరో రబ్బరు బాగా తట్టుకుంటుంది. చూపుకు రెండూ నల్లగానే ఉంటాయి, అదే ఇబ్బంది. కనుక పంపు ఒక్కటే కాక దానితో వచ్చే ఓ రింగు, గొట్టం కూడా ఇథనాల్‌కు పనికివచ్చేవేనా అని అడిగి తీసుకోవాలి. పంపు కొత్తది, గొట్టం పాతది అయితే లీకు గొట్టం దగ్గర మొదలవుతుంది.

ముల్లు చెప్పే అబద్ధం

ఎంపీఎఫ్‌ఐ కార్లలో చాలావాటికి పంపు, పెట్రోలు మట్టం చెప్పే ఫ్లోట్ యూనిట్ ఒకే చట్రంలో బిగించి ఉంటాయి. తేలే బెండుకు అమర్చిన తీగ చేయి పైకీ కిందికీ కదులుతూ ఒక నిరోధకంపై జారుతుంది. ఆ నిరోధాన్ని బట్టి మీటరు ముల్లు కదులుతుంది. ఈ లెక్క అన్ని కార్లకూ ఒకటి కాదు. అమెరికాలోనే జనరల్ మోటార్స్ పాత కార్లలో ఖాళీ ట్యాంకుకు సున్నా, నిండు ట్యాంకుకు 90 ఓంలు. ఫోర్డ్ పాత కార్లలో తిరగబడి ఖాళీకి 73, నిండుకు 10 ఓంలు. ఒకదాని యూనిట్ మరొకదానికి పెడితే ట్యాంకు నిండే కొద్దీ ముల్లు ఖాళీ వైపు నడుస్తుంది. మన వద్దా ‘సరిపోతుంది లెండి’ అంటూ వేరే మోడల్ యూనిట్ అంటగట్టే అలవాటు ఉన్నచోట ఈ ముప్పు తప్పదు. దుకాణంలోనే మల్టీమీటరుతో చేయిని కింది నుంచి పైకి జరిపి, పాతదాని అంకెలతో సరిచూసుకోవడం ఐదు నిమిషాల పని.

ఆ జారే చోట ఉండే కాంటాక్టు చాలా సున్నితం. 2004 మే నెలలో అమెరికాలోని లూసియానా, ఫ్లోరిడా ప్రాంతాల్లో గంధకం అధికంగా ఉన్న పెట్రోలు పొరపాటున బంకులకు చేరినప్పుడు పెద్దసంఖ్యలో కార్ల ఫ్యూయల్ గేజ్‌లు తప్పు చూపాయి. గంధకం కాంటాక్టుల వెండిని తినేయడమే అందుకు కారణం. ఇంధనంలో చిన్న మార్పు ముందుగా ముల్లు మీదే కనిపించవచ్చనడానికి ఇది నిదర్శనం.

అయితే ప్రతిసారీ ముల్లును నిందించడమూ న్యాయం కాదు. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తికన్నా సుమారు మూడో వంతు తక్కువ. ఇథనాల్ లేని పెట్రోలుకు రూపొంది, 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని 2021 నాటి నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. అర ట్యాంకుతో కొత్తగూడెం వెళ్లి వచ్చి, ఇంకా మిగలాల్సిన పెట్రోలు మిగల్లేదంటే లోపం ఫ్లోట్‌లో ఉండకపోవచ్చు. నిండుగా పోయించి, మళ్లీ నింపేటప్పుడు లీటర్లు, కిలోమీటర్లు లెక్కిస్తే తేడా ఎక్కడుందో తేలుతుంది.

వరద జ్ఞాపకం

గోదావరి ఒడ్డున మరో లెక్క ఉంది. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. 1986లో నమోదైన 75.6 అడుగుల తర్వాత అదే అత్యధికం. నీట మునిగిన బండి ట్యాంకులోకి నీరు చేరితే పాత పెట్రోలులో అది అడుగున వేరుగా నిలిచేది. ఇథనాల్ మిశ్రమంలో కొంతవరకు కలిసిపోతుంది. పరిమితి దాటితే ఇథనాల్‌ను వెంటబెట్టుకుని ఒక్కసారిగా విడిపోయి అడుగుకు చేరుతుంది. పంపు మొదట పీల్చేది దానినే. వరదలో తడిసిన కారుకు పంపు మార్చి ట్యాంకు ఖాళీ చేయకపోవడం డబ్బు నీళ్లలో పోయడమే. వర్షాకాలమంతా కదలకుండా నిలిపి ఉంచే బండ్లకూ ఈ జాగ్రత్త అవసరం.

ఖర్చు సంగతి చూస్తే, 2025 సెప్టెంబరు 22 నుంచి వాహన విడిభాగాలన్నిటిపై జీఎస్టీని ఒకే రేటుకు, 18 శాతానికి తెచ్చారు. అంతకుముందు పలు భాగాలపై 28 శాతం ఉండేది. అదే ఏడాది ఆగస్టులో 20 ఏళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 10 వేల రూపాయలు చేశారు. ఒక చేత్తో తగ్గించింది ఇంకో చేత్తో రాబట్టినట్లే.

నకిలీ భాగాల బెడద నుంచి బయటపడటానికి మార్గం బిల్లే. డబ్బాపై తయారీదారు పేరు, చిరునామా, తయారైన నెల, గరిష్ఠ ధర ఉన్నాయో లేదో చూసుకోవాలి. పాత పంపుపై ఉన్న పార్టు నంబరును బిల్లుపై రాయించుకోవాలి. ‘20 శాతం ఇథనాల్‌కు పనికివస్తుంది’ అన్న మాటను కూడా దుకాణదారు చేత అక్కడే రాయించుకోవడం మేలు. వివాదం వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు, ఆపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లేందుకు ఆ కాగితమే ఆధారం. కొత్త యూనిట్ బిగించాక నిండు ట్యాంకుకూ, ఖాళీ ట్యాంకుకూ ముల్లు సరిగా కదులుతోందని తేలే వరకు పాతదాన్ని పాత సామాన్ల వాడికి వేయకుండా ఇంట్లోనే ఉంచుకోవాలి.