విహారానికి కొలమానం అర్ధశక్తి

పసుపు అమ్మకాలు ముగిసిన పిమ్మట అండమాన్ విహారానికి బయలుదేరే మన బాల్కొండ కుటుంబాలకు నా విన్నపం ఒక్కటే: మోకాళ్ళ నొప్పులున్న తల్లిని బసలో విడిచి, మిగిలినవారు కొండలెక్కి రావడం కుటుంబ విహారం అనిపించుకోదు.

వ్యాయామం అర్ధశక్తితోనే చేయవలెనని ఆయుర్వేదం నిర్దేశించింది. నుదుట చెమట పట్టి, నోరెండి, నోటితో శ్వాస తీసుకోవలసి వచ్చినచో అదే హద్దు. సముద్రపు తేమగాలిలో చెమట ఆరదు గనుక అలసట త్వరగా కలుగుతుంది. కావున ప్రయాణాన్ని బలవంతుని శక్తితో గాక, బలహీనుని అర్ధశక్తితో కొలవాలి.

పోర్ట్ బ్లెయిర్‌లో (2024 నుండి శ్రీ విజయపురం) వేసవిన ఐదింటికే తెల్లవారుతుంది, ఐదున్నర ప్రాంతంలో ప్రొద్దు క్రుంకుతుంది. ఉదయం కార్బిన్స్ కోవ్ తీరాన మెల్లని నడక, మధ్యాహ్నం విశ్రాంతి చాలును. 1906లో పూర్తయిన సెల్యులార్ జైలులో మేడమెట్లెక్కలేని వారు, చీకటి పడ్డాక ధ్వని కాంతి ప్రదర్శనను కూర్చుండియే చూడవచ్చు. మరునాడు వాహనంలో చిడియా టాపు వెళ్ళి సూర్యాస్తమయం చూడండి. మౌంట్ మణిపూర్ (పూర్వపు మౌంట్ హారియట్) కొండదారిన యువకులు ఒక పూట నడిచి రావచ్చు. ఆ పూట ఒకరు పెద్దల చెంత ఉండాలి.

లేత కొబ్బరినీరు మేలు చేస్తుంది. మూత్రపిండ వ్యాధి ఉన్నవారు మాత్రం వైద్యుని అడిగిన పిదపనే త్రాగాలి.

అంత దూరం పోలేనివారు మన పోచంపాడుకు వెళ్ళినా కొలమానం ఇదే.