నూనె తగ్గినది, మరి తిండి మారినదా?

నూనె లేకుండ వేపుడు చేయు యంత్రమొకటి మన మధ్యతరగతి ఇండ్లలో ప్రవేశించినది. దీనిని ఎయిర్ ఫ్రయర్ అనుచున్నారు. తెనాలి వంటి పట్టణములలోనే కాదు, జంపని, వేమూరు వంటి గ్రామములలో సైతము మిక్సీ ప్రక్కన దీనికి చోటు దొరకుచున్నది. వైద్యునికి నాడి చూపించుకొన వచ్చినవారు మందు పొట్లము చేత పుచ్చుకొని, లేవబోవుచు, "అయ్యా, అందులో వండినది తినవచ్చునా?" అని అడుగుచున్నారు. అత్తగార్లు అడుగునప్పుడు ఆ ప్రశ్నలో అనుమానము, కోడళ్లు అడుగునప్పుడు ఆశ వినవచ్చును. ఇరువురికిని నా సమాధానమొక్కటే. తినవచ్చును, కాని అందులో ఏమి వేసినారో ముందు చెప్పవలెను.

ఈ యంత్రము వేపుట లేదు, కాల్చుచున్నది. పైన విద్యుత్తుతో కాలు తీగచుట్ట, దానిపై పంకా, క్రింద రంధ్రముల బుట్ట, ఇంతియే దీని నిర్మాణము. పంకా వేడిగాలిని బుట్టలోని పదార్థము చుట్టును వడిగా త్రిప్పును. పై తడి త్వరగా ఆరి, పొర కరకరలాడును. ఫిలిప్స్ సంస్థ 2010లో దీనిని బజారునకు తెచ్చి ఈ పేరును లోకమునకు అలవాటు చేసినది. పేరులో వేపుడున్నను పని మాత్రము పొయ్యిలో కాల్చు పనియే.

ఇది మన శాస్త్రమునకు క్రొత్త సంగతి కాదు. చరకుడు ఆహారమును పరీక్షింపవలసిన ఎనిమిది విషయములను విమానస్థానము మొదటి అధ్యాయములో చెప్పుచు, అందు రెండవదిగా కరణమును పేర్కొనెను. కరణమనగా సంస్కారము, వండు తీరు. ఒకే ద్రవ్యము నీటితో ఒక గుణమును, నిప్పుతో మరియొక గుణమును పొందును. వాగ్భటుడు అష్టాంగహృదయములో ఇంకను సూక్ష్మముగా చెప్పెను. ఒకే పిండితో చేసిన అప్పములను ఊక నిప్పులోను, కుండపెంకు మీదను, మంగలములోను, కందువు అను పొయ్యిపాత్రలోను, తుదకు నిప్పుకణికల మీదను కాల్చినచో, ముందు చెప్పిన దానికంటె తరువాత చెప్పినది తేలికగా జీర్ణమగునట. పిండి మారలేదు, వేడి తాకిన తీరు మారినది. గురుకులములో ఈ శ్లోకమును మా చేత వల్లె వేయించిన గురువుగారు, వంటింటి పొయ్యిని చూడని వైద్యుడు రోగి కడుపును చూడలేడు అనెడివారు.

నూనెలో వేచిన భక్ష్యములను గూర్చి సుశ్రుతుడు చెప్పినది మన పకోడీ ప్రియులకు అంతగా రుచింపదు. అవి గురువులు, దాహమును మంటను కలిగించునవి, వాతమును తగ్గించినను పిత్తమును పెంచునవి, చూపునకును చర్మమునకును మేలు చేయనివి. తాజా నూనె సంగతియే ఇట్లున్నది. మన ఇండ్లలో పూరీలు వేగిన నూనెను గిన్నెలో వడగట్టి దాచి, మరునాడు అప్పడములకు, ఆ పై తాలింపునకు వాడుట పొదుపు అనుకొందుము. మరలమరల కాగిన నూనెలో విరిగిన పదార్థములు పేరుకొనును. ఆ పదార్థములు నూటికి 25 పాళ్లు దాటిన నూనెను వాడరాదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2018 నుండి నియమము చేసినది. రైల్వే స్టేషను బయట సాయంకాలపు బజ్జీల మూకుడులో ఆ పాళ్లను కొలుచువారెవ్వరు? ఆ మూకుడు నుండి మన ఆడపిల్లను తప్పించగలిగినచో ఈ యంత్రము తన ధరను తాను చెల్లించుకొన్నట్లే.

నేనీ వ్యాసము వ్రాయుట ముఖ్యముగా ఆ ఆడపిల్ల కొరకే. తెల్లవారకమునుపే లేచి, రేపల్లె మార్గపు రైలులోనో బస్సులోనో తెనాలి చేరి, అక్కడి నుండి గుంటూరు, విజయవాడలకు ఉద్యోగమునకు పోయి దీపములు పెట్టిన వేళకు ఇల్లు చేరు యువతులను నేను నిత్యము చూచుచున్నాను. ఉదయము టీ, మధ్యాహ్నము చల్లారిన డబ్బా అన్నము, సాయంకాలము రెండు సమోసాలు, రాత్రి ఆకలి చచ్చిన తరువాత రెండు ముద్దలు. వారు చెప్పు బాధలు కూడ ఒక్కటిగానే ఉండును. జుట్టు రాలుట, నడుము నొప్పి, మెట్లెక్కిన ఆయాసము, నెలసరి కష్టములు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రమున 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి సుమారు 59 మందికి రక్తహీనత కలదని తేలినది. అనగా ఈ యువతికి తక్కువైనది రక్తము. నూనె తగ్గించినంత మాత్రమున రక్తము పెరగదు. కాబట్టి ఎయిర్ ఫ్రయర్ కొనుటతో ఆరోగ్యము వచ్చినట్లు తలచువారితో నేనేకీభవింపను.

యంత్రముతో పాటు ఇంటికి వచ్చుచున్న మంచుగడ్డ పొట్లములను చూడుడు. బంగాళాదుంప ముక్కలు, నగ్గెట్లు, జున్నుముక్కల బోండాలు. దుంప ముక్కలను కర్మాగారములోనే ఒకసారి నూనెలో వేచి గడ్డ కట్టింతురు. తక్కినవానిలోను అనేకము ఇట్టివే. ఉప్పు సంగతి పొట్లము వెనుక చదివిన తెలియును. వానిని ఇంట నూనె లేకుండ వేడి చేసి, నూనె లేని వంట అనుకొనుట మనలను మనము వంచించుకొనుటయే. ధర చూచినను, ఒక్క పొట్లము సొమ్ముతో ఇంటిల్లిపాదికి రెండు పూటల కూరగాయలు వచ్చును.

మన ప్రాంతములో కూరగాయలకు కొరతయా? కొల్లూరు, కొల్లిపర లంకలలో అరటి, కంద, చేమ, పసుపు పండుచున్నవి. వరి కోసిన మాగాణిలో మినుము పండుచున్నది. తెనాలి నిమ్మకాయ పేరు పొరుగు రాష్ట్రములలోను తెలియును. వీనినే ఆ బుట్టలో వేయుడు.

కందను మన శాస్త్రము సూరణమని పిలిచి, దుంపకూరలన్నిటిలో శ్రేష్ఠమని, మూలశంకకు పథ్యమని చెప్పినది. రోజంతయు కుర్చీలో కూర్చుండి పనిచేయువారికి ఇంతకంటె తగిన దుంప లేదు. చెక్కు తీసి, ముక్కలు కోసి, చింతపండు నీటిలో సగము ఉడికించి నీరు వంపివేయవలెను. లేనిచో గొంతు దురద పెట్టును. ఈ పని ముందురోజు రాత్రియే చేసి పెట్టుకొనవచ్చును. ఉదయము పసుపు, ఉప్పు, మిరియపు పొడి, ఒక చెంచా నువ్వులనూనె పట్టించి 180 డిగ్రీల వేడిలో 15 నిమిషములు ఉంచి, నడుమ ఒకసారి బుట్టను కుదిపిన చాలును. ఆ 15 నిమిషములలో తల దువ్వుకొనవచ్చును. చర్మరోగములు, రక్తపిత్తము కలవారు మాత్రము కందను మానవలెను. అరటికాయ కూడ ఇట్లే, ఉడికింప పనిలేదు. అయితే అది మలమును బంధించును కనుక మలబద్ధకము కలవారు మితముగా తినవలెను. బెండకాయ జిగురు ఈ వేడిగాలికి చక్కగా ఆరిపోవును, 12 నిమిషములు చాలు. కాకరకాయ సంగతి చెప్పనే అక్కరలేదు. మూకుడులో అది నూనెను త్రాగినట్లు మరేదియు త్రాగదు. ఇక్కడ ఒక్క చెంచాతో తృప్తిపడును.

సాయంకాలపు ఆకలికి శనగలు మేలు. రాత్రి నానబెట్టి, ఉదయము ఉడికించి, ఇంటికి వచ్చిన తరువాత 10 నిమిషములు వేడిగాలిలో ఉంచి నిమ్మకాయ పిండుకొని తినవలెను. నిమ్మరసము శనగలలోని ఇనుమును ఒంటికి పట్టించును. వెనువెంటనే టీ త్రాగినచో ఆ ఇనుము వంటబట్టుట తగ్గును. టీకి ఒక గంట ఆగలేమా?

ఇక నూనె పూర్తిగా మానుటను గూర్చి. చరకుడు భోజనము వేడిగా ఉండవలెనని చెప్పిన వెంటనే స్నిగ్ధముగా ఉండవలెనని చెప్పెను. వేడిగాలి తడిని తీసివేయును, పదార్థము రూక్షమగును. రూక్షాన్నము నిత్యము తిన్నచో వాతము ప్రకోపించి, చర్మము పొడిబారును, మలము గట్టిపడును, నిద్ర చెదరును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సైతము 2024 మార్గదర్శకములలో, దినమునకు 2000 క్యాలరీలు అవసరమైన వ్యక్తికి నూనె, నెయ్యి వంటి కొవ్వులు 27 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు చెప్పినదే కాని, కొవ్వును సున్న చేయమనలేదు. కావున ముక్కలకు ఒక చెంచా నూనె, అన్నములో ఒక చెంచా నెయ్యి, భోజనాంతమున పలుచని మజ్జిగ. ఇవి యంత్రము తెచ్చు రూక్షతకు విరుగుడు.

అన్నియు ఇందులో వండబోవుట చాదస్తము. గారెల పిండి జారి బుట్ట రంధ్రములలో కూరుకొనును. శనగపప్పు గట్టిగా రుబ్బిన మసాలా వడలు వచ్చును గాని మినపగారె రాదు. గారె పండుగనాడు నూనెలోనే వేగవలెను, ఆనాడు దానిని ఆనందముగా తినవలెను. ఆకుకూరలు గాలికి ఎగిరి పైనున్న కాలు తీగకు తగిలి మాడును. తోటకూర, మునగాకు పప్పులోనికే. బంగాళాదుంప నూనె లేకుండ వేగినను బంగాళాదుంపయే, మధుమేహము కలవారు మోసపోరాదు. పైగా దుంపలను అధిక వేడిలో నల్లబారునట్లు కాల్చినచో అక్రిలమైడ్ అను హానికర పదార్థము పుట్టునని 2002లో స్వీడన్ శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి. ముక్కలను అరగంట నీటిలో నానవేసి, తుడిచి, బంగారు వన్నె రాగానే తీయవలెను.

ఖర్చు విషయము. 1500 వాట్ల యంత్రము 20 నిమిషములు నడచినచో మించి అర యూనిట్ విద్యుత్తు. దానికి భయపడనక్కరలేదు. అయితే చిన్న 6 ఆంపియర్ల సాకెట్టులో పెట్టక 16 ఆంపియర్ల దానిలోనే పెట్టుడు. ఇద్దరు ముగ్గురున్న ఇంటికి పెద్ద బుట్ట అనవసరము. బుట్ట పూతను ఇనుపపీచుతో గీకరాదు.

మరియొక మాట చెప్పవలసియున్నది, కొందరికి కోపము వచ్చినను సరే. ఈ యంత్రమును ఉద్యోగము చేయు స్త్రీలకు వరమని ప్రకటనలలో చూపుచున్నారు. పురుషులకు కాకపోవుటేమి? మన భాషలో మంచి వంటను నలభీమపాకమందురు. నలుడు మహారాజు, భీముడు గదాధరుడు, ఇరువురును పురుషులే. ముక్కలు వేసి, మీట త్రిప్పి, నడుమ ఒకసారి బుట్టను కుదుపుటకు గదాధరుడంతటి బలము కూడ అక్కరలేదు. భార్య ఇంటికి చేరునప్పటికి కంద ముక్కలు వేడిగా సిద్ధము చేసిన భర్తను ఎవ్వరును నవ్వరు. ఆమె ఎనిమిది గంటలకు భోజనము ముగించి పది గంటలకు నిద్రించినచో, నేనిచ్చు లోహభస్మము రెండింతలు పనిచేయును. అలసినామెకు యంత్రము పేరిట మరియొక వంటపని అంటగట్టినచో ఏ భస్మమును పనిచేయదు.

నాలుగైదు వేలు పెట్టి కొనలేనివారు చిన్నబోనక్కరలేదు. మందపాటి ఇనుప మూకుడులో ఒక చెంచా నూనె వేసి, ముక్కలు పరచి, మూతపెట్టి, సన్నని సెగ మీద 20 నిమిషములు మగ్గనిచ్చి, చివర మూత తీసి ఎర్రవారనిచ్చినచో కంద, అరటి, కాకర అంతే రుచిగా వచ్చును. నడుమ రెండు మూడు సార్లు వచ్చి కలియబెట్టవలసియుండును, తేడా అంతవరకే.