మనం మెట్ల మీంచి పడలేదు

మన హాస్టళ్ళలో ఈ మధ్య మెట్ల మీంచి పడేవాళ్ళు ఎక్కువయ్యారు. బాత్రూముల్లో కాలుజారి పడేవాళ్ళకూ కొదవ లేదు. చేతికి కట్టుతో వచ్చిన మిత్రుణ్ణి పక్కకు పిలిచి, నాలుగుసార్లు గట్టిగా అడిగితేగాని అసలు సంగతి బయటికి రాదు. పడింది మెట్ల మీంచి కాదు, సెల్‌ఫోను నొక్కి పిలిపించుకున్న మోటారు సైకిలు మీంచి. లేదా ఎక్కిన క్యాబు పోయి డివైడరుకు కొట్టుకుంది. మరి ఆసుపత్రిలో మెట్లని ఎందుకు చెప్పావయ్యా అంటే, "పాపం, డ్రైవరు బతిమాలాడురా!" అంటాడు.

ఈ "పాపం" గురించే నాలుగు మాటలు రాయాలని కూర్చున్నాను.

పోయిన సంవత్సరం నా రూమ్మేటుకు సరిగ్గా ఇదే జరిగింది. వానలో బండి జారి ఇద్దరూ పడ్డారు. బండివాడికి మోచేతులు గీరుకుపోయాయి, మావాడికి మణికట్టు విరిగింది. ఆ మనిషి కన్నీళ్ళు పెట్టుకుని, "తమ్మీ, కేసయితే బండి స్టేషన్లనే ఉంటది. కిస్తీ ఎట్ల కట్టాలె? ఇద్దరు పిల్లలున్నరు నాకు" అన్నాడు. జేబులో ఉన్న రెండువేలూ తీసి మావాడి చేతిలో పెట్టాడు. మావాడు కరిగిపోయాడు. క్యాజువాల్టీలో డాక్టరు అడిగితే మెట్లని చెప్పాడు, ఆ డాక్టరు అదే రాసుకున్నాడు. పైగా రాత్రి మంచమ్మీద పడుకుని ఎడమ చేత్తో ఆ ప్రయాణానికి ఐదు నక్షత్రాలు కూడా ఇచ్చాడు!

మూడో రోజున ఊరి నుంచి వాళ్ళ నాన్న వచ్చాడు. చేతిలో ప్లేటు వేయాలన్నారు. అప్పు చేసి డబ్బు తెచ్చాడాయన. అంతా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "ఆ బండికి ఇన్సూరెన్సు లేదారా?" పదో తరగతి దాటని రైతు అడిగిన ఆ ప్రశ్న, మంచం చుట్టూ నిలబడ్డ ఆరుగురు డిగ్రీ విద్యార్థుల్లో ఒక్కడికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

మన జాలిలో ఉన్న పొరపాటు ఇదే. నష్టపరిహారం అడగడమంటే ఆ డ్రైవరు పిల్లల నోటి దగ్గర కూడు లాక్కోవడం అనుకుంటాం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం అలా అనుకోలేదు. రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ బీమా ఉండి తీరాలంది. ఆటోలు, క్యాబుల వంటి రవాణా వాహనాల్లో ఎక్కిన ప్రయాణికుణ్ణి కూడా ఆ నిర్బంధ బీమాలోనే చేర్చింది. 166వ సెక్షను కింద ట్రిబ్యునల్లో వేసే దావాలో డ్రైవరు, యజమాని పేర్లు ఉన్నా, పత్రాలన్నీ సక్రమంగా ఉంటే సొమ్ము కట్టేది బీమా కంపెనీ. ఏటా ప్రీమియం కట్టించుకునేది అందుకే గదా! దావాకు ప్రమాదం జరిగిన ఊరికే పోనక్కర్లేదు, మనం నివాసముండే జిల్లాలోనూ వేసుకోవచ్చు.

అయితే పత్రాలు సక్రమంగా లేకపోతే? ఇక్కడ నిజం దాచకూడదు. లైసెన్సు సరైనది కాకపోతే చాలా కేసుల్లో కోర్టులు, ముందు బాధితుడికి కట్టి తర్వాత బండి యజమాని దగ్గర వసూలు చేసుకోమని బీమా కంపెనీకి చెబుతాయి. అప్పుడు భారం బండివాడి మీదే పడుతుంది. తెల్ల నంబరు ప్లేటు మోటారు సైకిలు సంగతి ఇంకా చిక్కు. అది సొంత వాడకానికి బీమా చేయించిన బండి. కిరాయికి తిప్పితే పాలసీ షరతు తప్పినట్టేనని కంపెనీ వాదిస్తుంది. ఉత్త థర్డ్ పార్టీ పాలసీ ఉన్న బండి వెనక సీటులో ఊరికే కూర్చున్నవాడికి ఆ పాలసీ వర్తించదని సుప్రీంకోర్టు 2006లోనే చెప్పింది. ప్లేటు రంగు చూసి బండెక్కేవాళ్ళు మనలో ఎంతమంది? ఛార్జీ పది రూపాయలు తక్కువని చూస్తాం, అంతే.

మరి ఆ బండివాణ్ణి మన దగ్గరికి పంపి, ప్రతి ట్రిప్పులో తన వాటా తాను తీసుకునే కంపెనీ మాటేమిటి? అడిగితే "మేం మధ్యవర్తులం మాత్రమే" అంటుంది. 2019 సవరణ ఈ కంపెనీలను చట్టంలోకి తెచ్చి, లైసెన్సు ఉండాలంది. డ్రైవరుకు కనీసం 5 లక్షల ఆరోగ్య బీమా, 10 లక్షల టర్మ్ బీమా ఉండేలా చూడాలని 2020 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెప్పాయి. రోడ్డు మీద ఏడ్చిన ఆ మనిషికి ఇవి ఉన్నాయో లేవో మేం అడగలేదు. జాలి పడ్డాం, రెండువేలు పుచ్చుకున్నాం. ప్రమాదం జరిగిన సంగతే కంపెనీకి తెలియకుండా ఇద్దరం కలిసి కాపాడాం!

"మనకేం సంపాదనుందని నష్టపరిహారం?" అని ఇంకొక మిత్రుడన్నాడు. తప్పు. 2010లో సుప్రీంకోర్టు, కుడిచెయ్యి పోగొట్టుకున్న ఒక ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థి కేసు విన్నది. చదువు పూర్తయితే ఏడాదికి కనీసం 60,000 సంపాదించేవాడని లెక్కగట్టి, వైకల్యం 70 శాతం కాబట్టి ఏడాదికి 42,000 నష్టమని తేల్చి, దాన్ని 18తో గుణించింది. 7,56,000 రూపాయలు. అదే ఏడాది మరో తీర్పులో ఒక చక్కని మాట చెప్పింది: ఎడమచెయ్యి పోతే వడ్రంగికో డ్రైవరుకో సంపాదన దాదాపు మొత్తం పోవచ్చు, ప్రభుత్వ గుమాస్తాకు ఉద్యోగమే పోకపోవచ్చు. డాక్టరు రాసిన శాతం ఒకటి, బతుకులో జరిగిన నష్టం మరొకటి. రికార్డులు రాసే బి.ఎస్సీ. కుర్రాడి మణికట్టుకూ ఒక లెక్క ఉండాలి గదా!

కాని ఆ లెక్క మొదలయ్యేది ఆసుపత్రి చీటీతో. అందులో "మెట్లు" అని ఉంటే, ఆర్నెల్ల తర్వాత ట్రిబ్యునల్లో బీమా కంపెనీ వకీలు ఆ ఒక్క వాక్యం చదివి కూర్చుంటాడు. ఆర్నెల్లని ఊరికే అనలేదు. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చిన సవరణ దావాకు ఆరు నెలల గడువు పెట్టింది. దీన్ని సవాలు చేస్తూ పిటిషన్లు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. నన్నడిగితే ఇది అన్యాయమైన గడువు. ఎముక అతికి, ఫిజియోథెరపీ ముగిసి, వైకల్యం ఎంతో తేలేసరికే ఆర్నెల్లు అయిపోతాయి. అన్యాయమైనా సరే, దాన్ని నమ్ముకునే జాగ్రత్త పడాలి. పోలీసులకు చెబితే 48 గంటల్లో ట్రిబ్యునలుకు తొలి నివేదిక పంపాలని 2022 నాటి నిబంధనలున్నాయి. మనం చెబితేనే గదా వాళ్ళు పంపేది. 2025 మేలో కేంద్రం నోటిఫై చేసిన పథకం ప్రకారం, రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి గుర్తింపు పొందిన ఆసుపత్రుల్లో ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకు, చేతి డబ్బు కట్టకుండా చికిత్స జరగాలి. మెట్ల మీంచి పడినవాడికి ఆ పథకం లేదు.

కోర్టుల చుట్టూ ఏళ్ళతరబడి ఎవడు తిరుగుతాడని మా సీనియరు ఒకాయన అడిగాడు. కాదనలేను. పైన చెప్పిన ఇంజనీరింగ్ విద్యార్థి ప్రమాదం 1990లలో జరిగింది, తీర్పు 2010లో వచ్చింది. వచ్చిన దాంట్లో వాటా ఇమ్మనే వకీళ్ళూ ఉన్నారు. అలా వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకే విరుద్ధం. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ఆడపిల్లలకు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. లోక్ అదాలత్‌లో రాజీ కూడా కుదుర్చుకోవచ్చు. రాజీ పడటం తప్పని నేననను. కాని అది బీమా కంపెనీ ఎదురుగా, కాగితం మీద, ఎముక ఎంత అతికిందో తెలిశాక జరగాలి. వానలో, డివైడరు పక్కన, రెండువేలకు కాదు.

మన విద్యార్థి సంఘం ఏటా వార్షికోత్సవానికి ఆర్కెస్ట్రా పిలిపిస్తుంది. పిలిపించనివ్వండి, నేనూ ముందు వరసలోనే కూర్చుంటాను. దాంతోపాటు లా చదివే అన్నలు, అక్కలు ఇద్దరు వారానికి ఒక సాయంత్రం యూనియన్ ఆఫీసులో కూర్చునే ఏర్పాటు చేయాలని నా కోరిక. దెబ్బ తగిలినవాడు ట్రిప్పు వివరాలు, బండి నంబరు, బీమా కాగితం ఫోటో పట్టుకుని వాళ్ళ దగ్గరికి రావాలి. మా రూమ్మేటు మొదటివాడుగా వస్తానన్నాడు. వాడి ఆర్నెల్లు దాటిపోయాయి. అయినా వస్తానన్నాడు, ఏమన్నా దారి ఉందేమో అడగడానికి.